బ్రౌజర్‌లో మొదలై ఫోనులో తేలే పని: వెబ్ పరిజ్ఞానంతో యాప్ తయారుచేసే పద్ధతి

హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లు ఫోను యాప్ కోసం కోట్లిన్‌నో స్విఫ్ట్‌నో అక్షరాభ్యాసం నుంచి నేర్చుకోనక్కర్లేదు. ఉన్న విద్యతోనే, ఒకే కోడ్‌తో, ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ తయారవుతుంది. అయితే ఈ దారి పట్టినవాళ్లలో చాలామంది ఒకే చోట తట్టుకుంటారు. కంప్యూటర్ బ్రౌజర్‌లో ముచ్చటగా నడిచిన పేజీ ఫోనులోకి వెళ్లగానే మొరాయిస్తుంది. ఈ రంగంలో పేరున్న పనిముట్లన్నీ ఆ రెండింటి మధ్య దూరాన్ని చూపడానికో తగ్గించడానికో పుట్టినవేనని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ యాప్‌ను మొదటి రోజే ఫోనులోకి ఎక్కించే పద్ధతి చెబుతున్నాను.

ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

పెట్టె లోపల ఏముంది

2007లో ఐఫోన్ వచ్చినప్పుడు, బయటి డెవలపర్లు సఫారీలో నడిచే వెబ్ యాప్‌లు రాసుకోవచ్చని స్టీవ్ జాబ్స్ ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి యాప్ స్టోర్ తెరుచుకుంది, ఆ మాట మరుగున పడింది. అదే 2008లో నిటోబీ అనే సంస్థ ఫోన్‌గ్యాప్‌ను మొదలుపెట్టింది. వెబ్ పేజీని మామూలు యాప్ పెట్టెలో కూర్చి, కెమెరా వంటి వాటిని జావాస్క్రిప్ట్ నుంచి పిలిచేందుకు వంతెన వేయడం దాని ఆలోచన. 2011లో అడోబీ నిటోబీని కొని, కోడ్‌ను అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించింది. అదే కార్డోవా. వెబ్‌తో యాప్‌లు తయారుచేసే పనిముట్లను రూపొందించే అయానిక్ బృందం అదే ఆలోచనను కొత్తగా కట్టి 2019లో క్యాపాసిటర్ తొలి వెర్షన్ విడుదల చేసింది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి నేను క్యాపాసిటర్‌నే సూచిస్తాను. కార్డోవా ఇంకా ఉంది, పాత ప్రాజెక్టును నడపాల్సి వస్తే నేర్చుకోండి.

ఈ పెట్టెలో మీ పేజీని చూపించే భాగం పేరు వెబ్‌వ్యూ. చిరునామా పట్టీ లేని బ్రౌజర్ అనుకోండి. ఆండ్రాయిడ్‌లో అది క్రోమ్‌కు మూలమైన క్రోమియం మీద ఆధారపడుతుంది. ఆండ్రాయిడ్ 5.0 నుంచి ప్లే స్టోర్ ద్వారా విడిగా అప్‌డేట్ అవుతుంది కాబట్టి పాత ఫోనులోనూ వెబ్‌వ్యూ కొత్తదై ఉండవచ్చు. ఐఫోన్‌లో డబ్ల్యూకే వెబ్‌వ్యూ ఉంటుంది. దాని వెనుక ఉన్నది సఫారీని నడిపే వెబ్‌కిట్, అది ఐఓఎస్‌తో పాటే మారుతుంది. అంటే మీ యాప్ ఒకటే అయినా దాన్ని చదివే ఇంజిన్లు రెండు. కొత్త సీఎస్‌ఎస్ సదుపాయం వాడే ముందు, మీరు మద్దతు ఇవ్వదలచిన అతి పాత ఐఓఎస్‌లో అది ఉందో లేదో చూసుకోవాలి. ఈ చిన్న అలవాటు తర్వాత చాలా రాత్రులు కాపాడుతుంది.

మీకు స్టోరులో ఉండవలసిన అవసరమే లేకపోతే ఈ పెట్టె అక్కర్లేదు. మ్యానిఫెస్ట్ ఫైలు (యాప్ పేరు, ఐకాన్ వంటివి చెప్పేది), సర్వీస్ వర్కర్ (పేజీ ఫైళ్లను దాచి ఉంచే నేపథ్య స్క్రిప్టు) జోడిస్తే వెబ్‌సైటే హోమ్ తెర మీద చేరి, నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. ఐఓఎస్ 16.4 నుంచి అలా చేర్చుకున్న వెబ్ యాప్‌లకు నోటిఫికేషన్లు కూడా పంపవచ్చు. బ్లూటూత్, నేపథ్యంలో నడిచే పనులు, స్టోరులో కొనుగోళ్లు కావాలంటే మాత్రం ఇక్కడినుంచి చదవండి.

మొదటి మెట్టు: సరంజామా

బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్‌లో ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం మద్దతు ఉండేది) అని గుర్తు పెట్టిన వెర్షన్‌ను వేసుకోండి. క్యాపాసిటర్ 7కు నోడ్ 20 లేదా ఆపైది ఉండాలి. ఎడిటర్‌గా వీఎస్ కోడ్ చాలు. ఆండ్రాయిడ్ కోసం ఆండ్రాయిడ్ స్టూడియో వేసుకుంటే జావా, ఎస్‌డీకే (యాప్ తయారీకి కావలసిన పనిముట్ల కట్ట), ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోను) దానితోనే వస్తాయి. డిస్కులో చాలా చోటు తీసుకుంటుంది, ముందే ఖాళీ చేసుకోండి. ఐఫోన్ యాప్‌కు ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. మ్యాక్ లేనివాళ్లు ఆండ్రాయిడ్‌తో మొదలుపెట్టి, తర్వాత అద్దెకు దొరికే క్లౌడ్ బిల్డ్ సేవను చూసుకోవచ్చు.

వీటితో పాటు ఒక నాసి ఫోను సంపాదించండి. నాలుగైదేళ్ల నాటిది, తక్కువ ర్యామ్ ఉన్నది అయితే మరీ మంచిది. ఈ సరంజామా మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది అదే.

రెండో మెట్టు: ముందు వెబ్ ప్రాజెక్టు

కొత్త ఫోల్డర్‌లో "ఎన్‌పీఎం క్రియేట్ వీట్" ఆదేశంతో ప్రాజెక్టు మొదలుపెట్టండి. వీట్ అంటే వెబ్ ప్రాజెక్టును నడిపి, బిల్డ్ చేసే పనిముట్టు. రియాక్ట్, వ్యూ, స్వెల్ట్, లేదా ఏ ఫ్రేమ్‌వర్కూ లేని జావాస్క్రిప్ట్, ఏదైనా సరే. క్యాపాసిటర్ వాటి జోలికి పోదు. దానికి కావలసింది బిల్డ్ అయ్యాక తయారయ్యే ఫోల్డర్ మాత్రమే. వీట్‌లో దాని పేరు డిస్ట్.

పేజీ తలభాగంలో వ్యూపోర్ట్ ట్యాగ్ ఉందో లేదో చూడండి. వెడల్పు పరికరం వెడల్పుకు సమానమని రాసి, దాని పక్కనే వ్యూపోర్ట్ ఫిట్ విలువ కవర్ అని ఇవ్వండి. కెమెరా గాడి ఉన్న ఫోనులో పేజీ తెరంతా పరుచుకోవడానికి ఇది అవసరం. అప్పుడు శీర్షిక ఆ గాడి కింద దాక్కోకుండా సీఎస్‌ఎస్‌లో సేఫ్ ఏరియా ఇన్‌సెట్ విలువలతో పై అంచుకు, కింది అంచుకు ఖాళీ వదలాలి. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు అంచు నుంచి అంచుకు పరుచుకోవడం తప్పనిసరైంది కాబట్టి ఇది ఐఫోన్‌కే పరిమితమైన విషయం కాదు.

వేలు పడే బొత్తాలు చిన్నవిగా ఉండకూడదు. ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) కనీస కొలతగా చెబుతాయి. రాసే పెట్టెల్లో అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గితే, ఆ పెట్టెను తాకగానే ఐఫోన్ పేజీని దగ్గరకు లాగుతుంది. వాడేవారికి అది యాప్ పగిలినట్టే కనిపిస్తుంది.

క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని డివైస్ మోడ్ ఇక్కడ పనికొస్తుంది. తెర కొలతలు మార్చి చూడవచ్చు, ప్రాసెసర్‌ను కృత్రిమంగా నెమ్మది చేయవచ్చు, నెట్ వేగం తగ్గించవచ్చు. కానీ అక్కడ ఐఫోన్ బొమ్మ కనిపించినా లోపల నడిచేది క్రోమే. ఫోను కీబోర్డు అక్కడ లేదు, వెనక్కి వెళ్లే సైగ లేదు, వేడెక్కి నెమ్మదించే చిప్ లేదు. కొలతల మేరకే దాన్ని నమ్మండి.

మూడో మెట్టు: క్యాపాసిటర్ చేర్చడం

ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే క్యాపాసిటర్ కోర్, క్యాపాసిటర్ సీఎల్ఐ ప్యాకేజీలు వేసుకుని "ఎన్‌పీఎక్స్ క్యాప్ ఇనిట్" కొట్టండి. యాప్ పేరు, యాప్ ఐడీ అడుగుతుంది. పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఐడీ విషయంలో మాత్రం తొందర వద్దు. తిరగేసిన డొమైన్ పేరులా రాసే ఈ ఐడీతో ప్లే స్టోరులో ఒకసారి ప్రచురిస్తే ఆ యాప్‌కు ఇక అదే శాశ్వతం. ట్యుటోరియల్‌లోని ఉదాహరణ ఐడీని అలాగే వదిలేస్తే చివరిదాకా మోయాలి.

కాన్ఫిగ్ ఫైలులో వెబ్ డైరెక్టరీ విలువ డిస్ట్ అని ఉందో లేదో చూసి, క్యాపాసిటర్ ఆండ్రాయిడ్ ప్యాకేజీ వేసి, "ఎన్‌పీఎక్స్ క్యాప్ యాడ్ ఆండ్రాయిడ్" కొట్టండి. ఆండ్రాయిడ్ పేరుతో ఒక ఫోల్డర్ పుడుతుంది. అది పూర్తి ఆండ్రాయిడ్ ప్రాజెక్టు. దాన్ని చెరిపేసి మళ్లీ పుట్టించుకునే తాత్కాలిక సరుకుగా చూడకండి. అనుమతులు, ఐకాన్లు, సంతకం అమరికలు అన్నీ అందులోనే చేరతాయి కాబట్టి గిట్‌లో భద్రపరచండి.

ఇక్కడినుంచి రోజువారీ వరుస ఒకటే. వెబ్ బిల్డ్ చేయాలి, ఆపై "ఎన్‌పీఎక్స్ క్యాప్ సింక్" కొట్టాలి, ఆ తర్వాత ఫోనులో నడపాలి. సింక్ ఆదేశం డిస్ట్‌లోని ఫైళ్లను యాప్ లోపలికి కాపీ చేస్తుంది, కొత్త ప్లగిన్లను (ఫోను సదుపాయాలను జావాస్క్రిప్ట్‌కు అందించే ప్యాకేజీలను) కలుపుతుంది. మార్చిన కోడ్ ఫోనులో కనిపించకపోతే నూటికి తొంభైసార్లు కారణం మొదటి రెండింటిలో ఒకటి మరిచిపోవడమే. మూడింటినీ కలిపి ప్యాకేజీ ఫైలులో ఒకే స్క్రిప్టుగా రాసుకోండి.

నాలుగో మెట్టు: కేబుల్

ఫోను సెట్టింగ్స్‌లో ఫోను వివరాల పేజీ తెరిచి, బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తట్టండి. డెవలపర్ ఆప్షన్స్ అనే కొత్త పేజీ వస్తుంది. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపండి. ఏడీబీ అంటే కంప్యూటర్ నుంచి ఫోనుతో మాట్లాడే ఆండ్రాయిడ్ పనిముట్టు. "ఏడీబీ డివైసెస్" కొడితే మీ ఫోను జాబితాలో కనపడాలి. అసలేమీ కనపడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చి, డేటా మోయని కేబుళ్లు చాలా ఉన్నాయి. పేరు పక్కన అన్‌ఆథరైజ్డ్ అని వస్తే ఫోను తాళం తీసి చూడండి, ఈ కంప్యూటర్‌ను నమ్మాలా అని అడుగుతూ ఒక పెట్టె మీ జవాబు కోసం కాచుకుని ఉంటుంది.

ఇప్పుడు "ఎన్‌పీఎక్స్ క్యాప్ రన్ ఆండ్రాయిడ్" కొట్టండి. మొదటి బిల్డ్‌కు గ్రేడిల్ (ఆండ్రాయిడ్ యాప్‌ను బిల్డ్ చేసే పనిముట్టు) చాలా ఫైళ్లు దించుకుంటుంది, ఓపిక పట్టాలి. ఆ తర్వాతివి త్వరగా అవుతాయి.

ఐదో మెట్టు: ఫోను లోపలికి చూడటం

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క భాగమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. యాప్ ఫోనులో నడుస్తుండగా, కంప్యూటర్‌లోని క్రోమ్ చిరునామా పట్టీలో క్రోమ్ అని రాసి, కోలన్, రెండు స్లాష్‌లు, ఆపై ఇన్‌స్పెక్ట్ అని కొట్టండి. మీ ఫోను పేరు, దాని కింద మీ యాప్ వెబ్‌వ్యూ కనపడతాయి. ఇన్‌స్పెక్ట్ నొక్కితే మీకు అలవాటైన డెవలపర్ టూల్స్ కిటికీయే తెరుచుకుంటుంది. తేడా ఒక్కటే. అందులో కదిలేది చేతిలో ఉన్న ఫోను. ఎలిమెంట్స్‌లో ఒక పెట్టె రంగు మారిస్తే ఫోను తెర మీద ఆ క్షణంలోనే మారుతుంది.

ఐఫోన్‌కైతే ఫోనులో సఫారీ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వెబ్ ఇన్‌స్పెక్టర్‌ను, మ్యాక్ సఫారీలో డెవలప్ మెనూను ఆన్ చేయాలి. ఐఓఎస్ 16.4 నుంచి యాప్ స్వయంగా అనుమతిస్తేనే దాని వెబ్‌వ్యూ తెరుచుకుంటుంది. క్యాపాసిటర్ డీబగ్ బిల్డ్‌లలో (పరీక్ష కోసం తయారుచేసేవాటిలో) ఆ అనుమతి తనే ఇస్తుంది.

దగ్గరగా ఒకటి చూద్దాం. ఒక ఫారమ్ ఉంది, దాని అడుగున తెరకు అతుక్కుని భద్రపరిచే బొత్తం ఉంది. కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు. ఫోనులో చివరి పెట్టెను తాకగానే కీబోర్డు లేస్తుంది, వెబ్‌వ్యూ ఎత్తు సగానికి తగ్గుతుంది, అడుగున ఉండాల్సిన బొత్తం కీబోర్డుతో పాటు పైకి లేచి సరిగ్గా రాస్తున్న పెట్టె మీద కూర్చుంటుంది. వాడే మనిషికి తను రాస్తున్న అక్షరాలు కనపడవు. డివైస్ మోడ్‌లో ఈ లోపాన్ని వందేళ్లు చూసినా దొరకదు, అక్కడ కీబోర్డే లేదు కాబట్టి. ఇన్‌స్పెక్ట్ కిటికీ తెరిచి ఉంచి, ఫోనులో పెట్టెను తాకి, కన్సోల్‌లో కిటికీ ఎత్తు ఎంతో అడిగితే కారణం అంకెల్లో కనపడుతుంది. క్యాపాసిటర్ కీబోర్డ్ ప్లగిన్ కీబోర్డు లేస్తున్నప్పుడు ఒక ఈవెంట్ పంపుతుంది. ఆ సమయంలో బొత్తాన్ని దాచి, కీబోర్డు దిగాక తిరిగి చూపిస్తే సరిపోతుంది.

కన్సోల్‌లో ఏమీ రాకుండానే యాప్ మూతపడితే తప్పు జావాస్క్రిప్ట్‌లో కాదు, కింది పొరలో ఉందని అర్థం. అప్పుడు ఆండ్రాయిడ్ స్టూడియోలో ఫోను సందేశాలను చూపించే లాగ్‌క్యాట్ తెరిచి, మీ యాప్ ఐడీతో వడకట్టి, ఎర్ర వరుసల్లో మొదటిది చదవండి. చివరిది కాదు, మొదటిది.

ఆరో మెట్టు: లైవ్ రీలోడ్, దానితో జాగ్రత్త

ప్రతి చిన్న మార్పుకూ బిల్డ్, సింక్ చేస్తూ కూర్చోనక్కర్లేదు. వీట్ డెవలప్‌మెంట్ సర్వర్‌ను హోస్ట్ ఆప్షన్‌తో నడిపి, క్యాప్ రన్ ఆదేశానికి లైవ్ రీలోడ్ ఆప్షన్ జోడిస్తే యాప్ తన లోపలి ఫైళ్లకు బదులు మీ కంప్యూటర్ నుంచి పేజీ తెచ్చుకుంటుంది. ఎడిటర్‌లో సేవ్ చేయగానే ఫోను తెర మారుతుంది. ఫోను, కంప్యూటర్ ఒకే వైఫైలో ఉండాలి. వైఫై సహకరించకపోతే "ఏడీబీ రివర్స్" ఆదేశంతో వీట్ వాడే 5173 పోర్టును కేబుల్ మీదుగానే ఫోనుకు అందించవచ్చు.

ఇదే సర్వర్ చిరునామాను కాన్ఫిగ్ ఫైలులో చేత్తో రాసుకోవచ్చని చాలాచోట్ల చెబుతారు. నేనూ ఒకసారి అలాగే రాసి, తీయడం మరిచి, బిల్డ్‌ను పరీక్షించేవారికి పంపాను. నా ఫోనులో బ్రహ్మాండంగా తెరుచుకుంది, ఎందుకంటే నా కంప్యూటర్‌లో సర్వర్ నడుస్తూనే ఉంది. మిగతా అందరికీ తెల్ల తెర. ఒక రోజంతా ప్లగిన్లను, అనుమతులను అనుమానించాక ఆ ఒక్క వరుస కంటపడింది. అప్పటినుంచి ఆ చిరునామాను చేత్తో రాయడం మానేశాను. క్యాప్ రన్ ఆదేశం దాన్ని తాత్కాలికంగా పెట్టి, ఆపగానే తీసేస్తుంది. విడుదలకు ముందు మరోసారి సింక్ చేస్తే ఏదైనా మిగిలి ఉన్నా పోతుంది. కంప్యూటర్ సర్వర్ ఆపి, ఫోను వైఫై తీసేసి యాప్ తెరిచి చూడటం ఇప్పుడు నాకు తప్పనిసరి తంతు.

ఏడో మెట్టు: ఫోను సదుపాయాలు, దాచుకునే సమాచారం, సర్వర్ పిలుపులు

కెమెరా, లొకేషన్, ఫైళ్లు, నోటిఫికేషన్లకు అధికారిక ప్లగిన్లు ఉన్నాయి. ప్యాకేజీ వేసి సింక్ చేయడం అందరూ చేస్తారు, అనుమతుల దగ్గరే తప్పుతారు. ఐఫోన్‌లో కెమెరా ఎందుకు కావాలో చెప్పే వాక్యం ఇన్ఫో పీలిస్ట్ ఫైలులో లేకపోతే, కెమెరా తెరిచిన మరుక్షణం యాప్ మూతపడుతుంది. ఎర్రర్ సందేశం కూడా తెర మీదకు రాదు.

వాడేవారి సమాచారాన్ని లోకల్ స్టోరేజీలో పెట్టకండి. ఫోనులో చోటు తగ్గినప్పుడు వ్యవస్థ దాన్ని తుడిచేసే అవకాశం ఉంది. చిన్న చిన్న అమరికలకు ప్రిఫరెన్సెస్ ప్లగిన్, పెద్ద సమాచారానికి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడండి.

మీ సర్వర్‌ను పిలిచేటప్పుడు కార్స్ ఎర్రర్ వస్తుంది, అంటే వేరే చిరునామా నుంచి వచ్చిన పిలుపుకు సర్వర్ అనుమతి లేదని బ్రౌజర్ ఆపేస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది. యాప్ లోపలి పేజీకీ ఒక చిరునామా ఉంటుంది. ఐఫోన్‌లో అది క్యాపాసిటర్ పేరుతో మొదలయ్యే లోకల్‌హోస్ట్, ఆండ్రాయిడ్‌లో క్యాపాసిటర్ 6 నుంచి హెచ్‌టీటీపీఎస్ లోకల్‌హోస్ట్. సర్వర్ రెండింటినీ అనుమతించాలి. సర్వర్ మీ చేతిలో లేకపోతే క్యాపాసిటర్ హెచ్‌టీటీపీ ప్లగిన్ ద్వారా పిలవండి, ఆ పిలుపు బ్రౌజర్ కట్టుబాట్లను దాటి కింది పొర నుంచి వెళుతుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు హెచ్‌టీటీపీ పిలుపులు ముందే ఆపివేస్తారు కాబట్టి సర్వర్‌కు హెచ్‌టీటీపీఎస్ ఉండాలి.

రహస్య కీలను జావాస్క్రిప్ట్‌లో పెట్టే పని ఎంత మాత్రం వద్దు. ఆండ్రాయిడ్ యాప్ ఫైలు నిజానికి జిప్ ఫైలే. ఎవరైనా విప్పి, మీ కోడ్ వరుసలు చదువుకోవచ్చు.

వెనక్కి వెళ్లే సైగ కూడా ఇక్కడే చూసుకోవాలి. యాప్ ప్లగిన్‌లో బ్యాక్ బటన్ ఈవెంట్‌ను వినడం మొదలుపెట్టగానే మామూలు ప్రవర్తన ఆగిపోతుంది. చరిత్రలో వెనక్కి వెళ్లడం, తెరిచి ఉన్న పెట్టె మూయడం, మొదటి పేజీలో ఉంటే యాప్ నుంచి బయటపడటం, అన్నీ మీరే రాయాలి.

ఎనిమిదో మెట్టు: వేగం

సెకనుకు 60 చిత్రాలు కదలాలంటే ఒక్కో చిత్రానికి దొరికే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఆ నాసి ఫోనును కలిపి, పెర్ఫార్మెన్స్ ట్యాబులో రికార్డు చేస్తూ జాబితాను వేలితో తోయండి. 50 మిల్లీసెకన్లు దాటిన పనులను ఆ పటంలో ఎర్ర గుర్తుతో చూపిస్తుంది. ఎక్కువగా దొరికే దొంగలు మూడు: వందల వరుసలను ఒకేసారి గీసే జాబితా, అవసరానికి మించి పెద్దవైన బొమ్మలు, ఎత్తు వెడల్పులను మార్చే యానిమేషన్లు. కనిపించే వరుసలనే గీయండి, బొమ్మలను చూపించే కొలతకే కుదించండి, కదలికలకు ట్రాన్స్‌ఫార్మ్, ఒపాసిటీ మాత్రమే వాడండి. వెబ్ యాప్‌లు నెమ్మది అనే అపవాదుకు చాలావరకు ఈ మూడే కారణం, వెబ్‌వ్యూ కాదు.

తొమ్మిదో మెట్టు: స్టోరు

ఆండ్రాయిడ్ స్టూడియోలో సంతకం చేసిన బండిల్ తయారుచేయండి. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు ప్లే స్టోరు ఏఏబీ (ఆండ్రాయిడ్ యాప్ బండిల్) రూపమే తీసుకుంటోంది. సంతకానికి వాడే కీస్టోర్ ఫైలును, దాని పాస్‌వర్డ్‌ను వేరే చోట కూడా భద్రపరచండి, గిట్‌లో మాత్రం పెట్టకండి. ప్రతి విడుదలకూ వెర్షన్ కోడ్ పెంచాలి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, కనీసం 12 మంది 14 రోజులు వరుసగా పరీక్షించాకే ప్రజల్లోకి విడుదల చేసేందుకు దరఖాస్తు పెట్టుకోగలరు. యాప్ పూర్తయ్యాక కాదు, సగంలో ఉండగానే ఆ 12 మందిని వెతకడం మొదలుపెట్టండి.

ఆపిల్ సమీక్షకులు వేరే విషయం చూస్తారు. వెబ్‌సైటును పెట్టెలో చుట్టి పంపినట్టు కనిపిస్తే కనీస పనితనం గురించి చెప్పే 4.2 నిబంధన కింద తిప్పి పంపుతారు. నెట్ లేకుండా తెరుచుకోవడం, నోటిఫికేషన్లు, కెమెరా వంటివి నిజంగా పనికొచ్చేలా ఉంటే ఆ అభ్యంతరం రాదు. వాటిని సమీక్ష కోసం చివర్లో అతికిస్తే సమీక్షకులకు ఇట్టే తెలిసిపోతుంది.

విడుదలైన రోజున, డీబగ్ బిల్డ్‌ను నాసి ఫోను నుంచి తీసేయండి. స్టోరు నుంచి యాప్‌ను దించుకోండి. మొదట నెట్‌తో ఒకసారి, తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఒకసారి తెరవండి. ఆపై ఒక చిన్న మార్పుతో రెండో వెర్షన్ పంపి, అప్‌డేట్ అయ్యాక పాత సమాచారం చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడండి. అది నిలిచి ఉంటేనే ప్రచారం మొదలుపెట్టండి.